బ్రేకు మాస్టారి భయం

నేను వకీలు గుమస్తాని. మా వకీలుగారి నల్లకోటు, ఫైళ్లు మోసుకుంటూ కోర్టు మెట్లెక్కి దిగడంతోనే నా జుట్టు తెల్లబడింది. ఆ మెట్ల మీద ఏడ్చేవాళ్లని, తిట్టుకునేవాళ్లని, గెలిచి కూడా ఏం గెలిచామో అర్థంకాక నిలబడిపోయేవాళ్లని చూసి చూసి నా మనసు మొద్దుబారిపోయిందనే అనుకున్నాను. బ్రేకు మాస్టారి కేసు వచ్చాక అంత మొద్దుబారలేదని తెలిసింది. ఇప్పటికీ ఆ సంగతి ఎవరైనా ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది.

ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పేవారు. నేర్పే కారులో మాస్టారు కూర్చునే పక్కసీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. స్టీరింగు ముందున్న మనిషి కంగారుపడి ఏది తొక్కాలో మరిచిపోతే, మాస్టారు తన బ్రేకు తొక్కి కారు ఆపుతాడు. ఈయన ఆ బ్రేకు ఎంత మెత్తగా తొక్కేవారంటే, కారు తామే ఆపామనుకుని నేర్చుకునేవాళ్లు మురిసిపోయేవారు. అలా ఆయనకి బ్రేకు మాస్టారన్న పేరు పడింది. అసలు పేరు కేసు కాగితాల మీద చూసేదాకా నాకూ తెలియదు. మా వకీలుగారికి కారు నేర్పింది కూడా ఆయనే. మా వకీలుగారు ఈనాటికీ కారు వెనక్కి తీస్తే ఏదో ఒక గోడ బలవుతుంది. అందులో మాస్టారి తప్పేమీ లేదు.

నేర్పేవాడికి భయం ఉండకూడదని, ఉన్నా కనపడకూడదని ఆయన అనేవారు. "నా భయం సూటిగా పక్కవాళ్ల కాల్లోకి దిగుతుందండీ. నేను 'అయ్యో' అన్నాననుకోండి, వాళ్లు బ్రేకు బదులు ఇంకోటి తొక్కుతారు. అందుకే గోడ మీదికి పోతున్నా సరే, 'బాగుందండీ, కొంచెం ఇటు తిప్పండి' అనాలి. మొహం నవ్వుతూ ఉండాలి. కాలు మాత్రం బ్రేకు మీద ఉండాలి." ఇది ఆయన నాకు చెప్పిన మాట. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన అలాగే చేశారు. లోపల గుండె గుభేల్మన్నా పైకి నవ్వు చెదరనివ్వలేదు.

ప్రమాదం జరిగిన ఉదయం స్టీరింగు ముందున్నది ఒక స్కూలు టీచరు. నాలుగు రోడ్ల కూడలి దాటుతుండగా పక్క రోడ్డులోంచి ఒక లారీ సిగ్నలు లెక్కచేయకుండా దూసుకొచ్చింది. టీచరమ్మ కళ్లు మూసుకుని స్టీరింగు వదిలేసింది. మాస్టారు అలవాటు ప్రకారం తన బ్రేకు తొక్కారు. కారు ఎక్కడిదక్కడ ఆగిపోయింది, సరిగ్గా లారీ ముందు. తొక్కకపోయి ఉంటే ఆ ఊపులో దాటిపోయేదని తర్వాత పోలీసులే అన్నారు. టీచరమ్మకి గీతలు పడ్డాయంతే. లారీ గుద్దింది మాస్టారి వైపు. తొడ ఎముక విరిగింది.

ఎముక అతికింది. కొంచెం కుంటుతూ నడవగలిగారు. కానీ బండి ఎక్కలేకపోయారు. కారే కాదు, బస్సు కూడా. ఒకసారి ధైర్యం చేసి బస్సెక్కి, రెండు స్టాపుల మధ్య "ఆపండి, ఆపండి" అని కేకలు పెట్టి దిగిపోయారట. బస్సులో జనం నవ్వారు. రోడ్డు మీద లారీ ఆగుతూ బుస్సుమని గాలి వదిలితే చాలు, ఆయన పక్కనున్న గోడని పట్టుకునేవారు. స్కూలు యజమాని మంచివాడే. రోడ్డు గుర్తుల పాఠం గదిలో కూర్చుని చెప్పమన్నాడు. ఆ గది కిటికీ రోడ్డు మీదికే ఉండేది. హారన్ మోగినప్పుడల్లా మాట మధ్యలో తెగిపోయేది, కుర్రకారు ముసిముసిగా నవ్వుకునేవారు. కొన్నాళ్లకి యజమాని, "మీరు ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి మాస్టారూ" అన్నాడు. మంచివాళ్లు పొమ్మనడానికి వాడే మాట అది.

ఇంట్లో మొదట్లో ఎవరూ నమ్మలేదు. కాలు విరిగితే కట్టు కనపడుతుంది, ఇది ఎవరికి కనపడుతుంది? "లారీ ఒకసారి గుద్దితే దేశంలో లారీలన్నీ మీకోసమే కాచుకుని కూర్చున్నాయా ఏమిటి?" అనేది భార్య. ఆవిడ తమ్ముడు టైర్ల దుకాణం నడుపుతాడు. "మా బావకి పని ఎగ్గొట్టడానికి మంచి రోగమే దొరికింది" అని దుకాణంలో కూర్చుని పదిమందికీ చెప్పాడు. కాలేజీలో చదివే కూతురు పల్లెత్తు మాట అనలేదు. అనకుండా తలుపు దగ్గర నిలబడి చూసేదట. ఆ చూపే మిగతా మాటలన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుందని మాస్టారు నాతో అన్నారు.

కేసు వేయడానికి ఆయన మా ఆఫీసుకి నడిచే వచ్చారు. చొక్కా తడిసి ముద్దయి ఉంది. లారీకి బీమా ఉంది కాబట్టి నష్టపరిహారం బీమా కంపెనీ ఇవ్వాలి. మా వకీలుగారు ఆసుపత్రి ఖర్చులు, పోయిన జీతం, కుంటి కాలు అన్నీ గబగబా చెప్పి రాయించారు. చివర, "మానసిక వేదన కూడా రాయి. అది ఎలాగూ కొట్టేస్తారు, బేరానికి పనికొస్తుంది" అన్నారు నాతో.

మాస్టారు కుర్చీలోంచి లేచారు.

"బేరానికి కాదండీ. కాలికి ఎంతిస్తారో ఇవ్వనివ్వండి, నేనేం అడగను. ఈ భయం నిజమేనని మాత్రం జడ్జిగారు చెప్పాలి."

"చెబితే ఏమొస్తుంది మాస్టారూ?"

"మా ఇంట్లో వాళ్లకి చూపించుకుంటానండీ."

మా వకీలుగారు నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశారు. నేను తల దించుకుని రాసుకున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో తన భయం నిజమేనని రుజువు చేసుకోవడానికి కోర్టుకొచ్చిన మనిషిని చూడటం అదే మొదటిసారి. అందరూ డబ్బు కోసం వస్తారు, లేదా ఎదుటివాడిని ఏడిపించడానికి వస్తారు.

మనసు డాక్టరు దగ్గరికి పంపాం. ఆయన పరీక్ష చేసి, ఇది నటన కాదని, ప్రమాదం వల్ల వచ్చిన జబ్బేనని సర్టిఫికెట్ ఇచ్చాడు. తర్వాత మా వకీలుగారు మాస్టారి భార్యని, బావమరిదిని పిలిపించి గట్టిగా చెప్పారు. "కంపెనీవాళ్లకి వెయ్యి కళ్లుంటాయి. కేసు తేలేదాకా ఆయన్ని బండి ఎక్కమని ఒత్తిడి చెయ్యొద్దు. ఎక్కడికైనా నడిపించే తీసుకెళ్లండి."

ఆ రోజు నుంచి ఇల్లు మారిపోయింది. వాయిదా ఉన్నప్పుడల్లా భార్య గొడుగు పట్టుకుని ఆయనతో పాటు నడిచి వచ్చేది. దారిలో లారీ వస్తే తను రోడ్డు వైపుకి జరిగేది. బావమరిది దుకాణంలో ఎవరైనా ఎగతాళి చేస్తే, "అది జబ్బయ్యా, నవ్వుతావేమిటి?" అని కసిరేవాడు. కూతురు కాలేజీ నుంచి బస్సు దిగి, ఆయన కోసం ఆగి, ఇంటిదాకా కలిసి నడిచేది. మాస్టారి మొహంలో కళ వచ్చింది. కోర్టు వరండాలో బెంచీ మీద నా పక్కన కూర్చుని, "చూశారా గుమస్తాగారూ, నేను మొత్తుకున్నన్నాళ్లూ ఎవరికీ ఎక్కలేదు. వకీలుగారు ఒక్కమాట చెప్పేసరికి అందరికీ తెలిసొచ్చింది" అన్నారు. ఆ సంతోషం చూస్తే నాకూ ముచ్చటేసింది.

కేసు మాకు బాగానే నడుస్తోంది. డాక్టరు వచ్చి నిబ్బరంగా సాక్ష్యం చెప్పాడు. కంపెనీ వకీలు కాలి సంగతి పెద్దగా తగాదా పెట్టలేదు. కుర్రవాడే, నున్నగా దువ్విన తల, మాట తేనె. మాస్టారిని బోనెక్కించిన రోజు ఆయనకి మంచినీళ్లు కూడా తెప్పించాడు. ఆ మంచినీళ్లు చూసే నాకు అనుమానం వచ్చింది. తర్వాత జడ్జిగారి అనుమతి అడిగి, కంప్యూటరులో ఒక వీడియో పెట్టాడు.

కారు లోపల తీసిన వీడియో అది. స్టీరింగు ముందు ఒక అమ్మాయి, పక్కసీట్లో మాస్టారు. బయట ఖాళీ మైదానం. అమ్మాయి ముక్కు చీదుతోంది. మాస్టారు నవ్వుతూ, "బాగుందండీ, చాలా బాగుంది. నెమ్మదిగా వదలండి. ఆఁ, అలాగే" అంటున్నారు. కారు కదిలింది. మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగింది. అమ్మాయి అడిగింది, "మీకు భయం వెయ్యదా మాస్టారూ?" అని. మాస్టారు ఇంకా పెద్దగా నవ్వారు. "నాకా? భయమేమిటమ్మా! భయమన్నది మనం అనుకుంటేనే ఉంటుంది. లేదనుకుంటే లేదు. ఏదీ, ఇంకో చుట్టు పోనివ్వండి."

వీడియో అయిపోయింది. మా వకీలుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. నా వైపు ఉరిమి చూశారు, వీడియో నేనే తీసినట్టు.

"ఇందులో ఉన్నది మీరేనా?" అన్నాడు కుర్ర వకీలు.

"నేనేనండీ."

"భయం లేదని అన్నది మీరేనా?"

"అన్నానండీ. అది పాఠమండీ. నేర్చుకునేవాళ్లకి అలాగే చెప్పాలి."

"అంటే ఆ అమ్మాయికి అబద్ధం చెప్పారా?"

మాస్టారు తడబడ్డారు. "అబద్ధం అంటే... ఆ పిల్ల ఏడుస్తోందండీ."

"ఆమెకి చెప్పింది నిజమైతే ఇక్కడ చెప్పేది అబద్ధం. అది అబద్ధమైతే, అవసరాన్ని బట్టి మాట మార్చే అలవాటు మీకుంది. రెండిట్లో ఏదో మీరే చెప్పండి."

మాస్టారు ఏదో గుర్తుకొచ్చినట్టు తలెత్తి, "ఆ అమ్మాయి బాగుందాండీ? మర్నాడు రాలేదు. భయపడి మానేసిందేమో అనుకున్నాను" అన్నారు.

కుర్ర వకీలు పెదవి బిగబట్టుకున్నాడు. "ఆమె మా కంపెనీ ఉద్యోగి. ఆమెకి కారు నడపడం ఎప్పుడో వచ్చు" అన్నాడు. వెనక బెంచీల్లో వకీళ్లు ఘొల్లుమన్నారు. జడ్జిగారు బల్ల మీద కొట్టి ఊరుకోమన్నారు గానీ, ఆయన మీసాల కింద కూడా నవ్వు దాగలేదు. బోనులో మాస్టారు కూడా వాళ్లతో పాటు కొంచెం నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. అది ఆయన మొహానికి ఉద్యోగం నేర్పిన నవ్వు, అది రావద్దంటే ఆగదు. జడ్జిగారు మాత్రం దాన్ని శ్రద్ధగా చూసి కలంతో ఏదో రాసుకున్నారు.

బయటికి రాగానే మా వకీలుగారు వరండా అదిరేలా అరిచారు. "ఎవరో వచ్చి ఏడిస్తే కారెక్కేస్తావా? ముందు నాతో ఒక్క మాట చెప్పి చావచ్చు కదా!" ఎప్పుడూ 'మాస్టారూ' అనే మనిషి ఆ రోజు ఏకవచనంలోకి దిగారు. ఆయన కోటు విసురుకుంటూ వెళ్లిపోయాక మాస్టారు నాకు జరిగింది చెప్పారు.

ఆ అమ్మాయి ఇంటికొచ్చిందట. ఇంట్లో ఎవరూ లేరు. ఎవరో ఆయన పేరు చెప్పి పంపారంది. వాళ్లమ్మ కారు ప్రమాదంలో పోయిందని, అప్పట్నుంచి స్టీరింగు పట్టుకుంటే చేతులు వణుకుతాయని, ఉద్యోగానికి కారు తప్పదని ఏడ్చిందట. మాస్టారు తన సంగతి చెప్పి కుదరదన్నారట. ఆ పిల్ల గుమ్మంలోనే కూలబడిందట. "నాలాంటి మనిషి ఇంకొకరు ఉన్నారనుకున్నాను గుమస్తాగారూ. నాకు జరిగింది ఆ పిల్లకీ జరిగిందనుకున్నాను. నేను కాకపోతే ఎవరికి అర్థమవుతుంది చెప్పండి?" అన్నారు. కారెక్కగానే కాళ్లు చల్లబడిపోయాయట. ఆయన సీటు ముందు బ్రేకు లేదు, అది మామూలు కారు. నవ్వుతూనే ఉన్నారు. రెండు చుట్లు తిరిగాక ఆ పిల్లకి శభాష్ చెప్పి దిగి, మైదానం గోడ వెనక్కి వెళ్లి కడుపులో ఉన్నదంతా కక్కుకున్నారట. అక్కడే మట్టిలో చాలాసేపు కూర్చున్నారట.

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"ఆ పిల్ల నేర్చుకున్నాక చెబుదామనుకున్నానండీ. మర్నాడు కూడా వెళ్లి మైదానం దగ్గర నిలబడ్డాను. ఆ తర్వాత కూడా వెళ్లాను."

గోడ వెనక వాంతి ఏ వీడియోలోనూ లేదు. మా వకీలుగారు మళ్లీ డాక్టరుని పిలిపించి, భయాన్ని కాసేపు అణిచిపెట్టుకోవచ్చని చెప్పించారు. జడ్జిగారు విన్నారు. విన్నట్టే ఉన్నారు.

తీర్పు రోజున కాలికి అడిగినదాంట్లో చాలావరకు ఇచ్చారు. మానసిక వేదన మాత్రం రుజువు కాలేదన్నారు. ఆయన ప్రవర్తన, కోర్టులో ఆయన ముఖకవళికలు అలాంటి వేదన ఉన్న మనిషివిగా లేవన్నారు. వేదన ఉన్న మనిషి మొహం ఎలా ఉండాలో తీర్పులో రాయలేదు. రాసి ఉంటే ముందే నేర్పించి తీసుకొచ్చేవాళ్లం. మా వకీలుగారు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు, "పోన్లెండి మాస్టారూ, కాలు నిలబడింది" అని తన జోకుకి తనే నవ్వుకుని ఇంకో కోర్టులోకి వెళ్లిపోయారు.

మాస్టారి భార్య కళ్లు తుడుచుకుంది. సంతోషమో మరొకటో నాకు తెలియలేదు. బావమరిది ఆ రోజు ఎవరిదో కారు అడిగి తెచ్చాడు. "పదండి బావా, ఎక్కండి" అని తలుపు తీశాడు. మాస్టారు తలుపుని చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. "మీరు పదండి. నేను గుమస్తాగారితో మాట్లాడుతూ నడిచొస్తాను" అన్నారు. బావమరిది అటూ ఇటూ చూసి, "సరే, మీ ఇష్టం. ఇంటి దగ్గరుంటాం" అన్నాడు. కారు వెళ్లిపోయింది.

మా ఇల్లు కూడా అటే కాబట్టి కలిసి నడిచాం. పై కోర్టుకి వెళ్లొచ్చు అన్నాను, వెళ్లినా ఇంతేనని తెలిసి కూడా. ఆయన తల అడ్డంగా ఊపారు.

"వద్దండీ. జడ్జిగారికి నేనెవరిని? ఆయనకి కనపడింది ఆయన రాసుకున్నారు. నేను అడిగింది మా ఇంట్లో వాళ్ల కోసమే కదా. వాళ్లు నమ్మారు. ఇంక ఆ తీర్పు ఎలా ఉంటే నాకేం?"

ఆ మాట విని నేను తేలికపడ్డాను. ఎక్కడో ఒక చోటైనా ఈ మనిషికి న్యాయం జరిగిందనుకున్నాను. రోడ్డు దాటేటప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఒక లారీ ఆగేదాకా చూసి, అది పూర్తిగా ఆగిందని నేను చెప్పాక కదిలారు.

ఇంటి ముందు కారు ఆగి ఉంది. బావమరిది స్టీరింగు ముందు కూర్చునే ఉన్నాడు. భార్య మంచి చీర కట్టుకుని వెనక సీట్లో ఉంది. కూతురు గేటు దగ్గర నిలబడి ఎదురుచూస్తోంది. ఆయన్ని చూడగానే పరుగెత్తుకొచ్చి భుజం మీది తువ్వాలు లాగి ఆయన మొహం తుడిచింది. పిల్లకి తండ్రంటే ప్రాణమని ఆ తుడవడంలోనే తెలుస్తోంది.

"చూడు, ఎంత చెమట పట్టిందో! కేసు అయిపోయింది కదా నాన్నా, ఇంక నడవక్కర్లేదు. ఇన్నాళ్లూ నీతో పాటు మేమూ ఎంత జాగ్రత్తగా ఉన్నాం! ఇప్పుడెవరూ చూడరు. రా, మామయ్య అందరికీ హోటల్లో భోజనం పెట్టిస్తున్నాడు."

మాస్టారు కూతురి మొహంలోకి చూశారు. తర్వాత కారులో ఉన్న భార్య వైపు చూశారు. ఆవిడ నవ్వుతూ పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చింది. నేను నోరు తెరిచాను, అమ్మా, అది కాదు అని చెబుదామని. మాస్టారు చెయ్యెత్తి నన్ను ఆపేశారు.

"అవునమ్మా. అయిపోయింది కదా" అన్నారు.

ఆయన కుంటుతూ వెళ్లి కారెక్కారు. ముందు సీటు కాదు, వెనక, భార్యకీ కూతురికీ మధ్య. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నారు. వేళ్లు తెల్లగా పాలిపోయాయి. మొహం మాత్రం వీడియోలో ఉన్నట్టే ఉంది. బావమరిది అద్దంలోంచి వెనక్కి చూసి గట్టిగా నవ్వాడు.

"చూడక్కా, మా బావ ఎంత హాయిగా కూర్చున్నాడో!"